శ్రీలంక వ్యాసం పంపిన అమ్మాయికి

రాజమండ్రి

అమ్మాయీ,

నీ శ్రీలంక వ్యాసం అందింది. ఒకసారి ఫోన్‌లో చదివాను. తర్వాత ప్రింటు తీయించి, పెన్సిలు పట్టుకుని మళ్ళీ చదివాను. "పచ్చదనం కనువిందు చేసింది" నాలుగు చోట్ల ఉంది. "భూతల స్వర్గం" మూడు చోట్ల. హోటల్ గదీ, పొద్దుటి బఫేలో ఐటమ్సూ కలిపి పేజీన్నర మింగేశాయి. దక్షిణపు ఒడ్డున మిరిస్సాలో మూడు రోజులు ఎడతెరిపి లేని వాన పడి ట్రిప్పు పాడైందని మాత్రం రెండే రెండు వాక్యాలు రాశావు. నాకు ఆ రెండే నచ్చాయి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

ముందు నీ వ్యాసం చదివేదెవరో ఆలోచించు. లండన్‌లో చలికి ముడుచుకున్నవాడు ఎండ కోసం శ్రీలంక వెళ్తాడు. వాడికి ఇసుకా కొబ్బరిచెట్టూ కనబడితే చాలు, సెలవు గిట్టుబాటైనట్టే. నిన్ను చదివేవాడు బెజవాడలోనో ఖమ్మంలోనో రోహిణి కార్తె ఎండకి మాడిపోయి కూర్చున్నవాడు. నేనేమో కోనసీమలో పుట్టినదాన్ని. నాకు కొబ్బరిచెట్టు చూపించి మురిసిపొమ్మంటే ఎలా? "ఇంత ఉక్క ఇంట్లోనే ఉండగా డబ్బు పెట్టి ఇంకో ఉక్క దేశానికి ఎందుకు పోవాలి?" అని మా ఆయన మొదటిసారి అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. నాలుగుసార్లు వెళ్లొచ్చాక దొరికింది.

మనకున్నవన్నీ అక్కడ ఉన్నాయి. వానాకాలం, చెరువు, పనస, కొబ్బరి, వడ, అమ్మ, అక్క. గడియారం కూడా మార్చుకోనక్కర్లేదు, మన టైమే వాళ్ళ టైము. కానీ ఏదీ సరిగ్గా మనలా ఉండదు. మంచు దేశానికి వెళ్తే అంతా కొత్తే కాబట్టి నోరు తెరుచుకుని చూసి వచ్చేస్తాం. ఇక్కడ తెలిసిందనుకున్న వస్తువు దగ్గర ఆగిపోతాం. ఆ సరదా నాకు ఇంకెక్కడా దొరకలేదు. నీ వ్యాసంలో అది ఒక్క చోటా లేదు.

ఇప్పుడు నీ వాన సంగతి. జూన్ నెలాఖరులో మిరిస్సా వెళ్లావు. అది నైరుతి గాలి నేరుగా వచ్చి తగిలే ఒడ్డు. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ సముద్రం కుదురుగా ఉండదు. తిమింగలాలు చూడాలన్నా నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లాలి. అదే వారం నువ్వు తూర్పు ఒడ్డున త్రికోణమలైలో ఉండుంటే హాయిగా ఎండలో సముద్రస్నానం చేసేదానివి. దేశం నడిమధ్యన కొండలు మేఘాల్ని పట్టి ఆపేస్తాయి మరి. డిసెంబరు వచ్చేసరికి గాలి ఈశాన్యం నుంచి మొదలవుతుంది, వాన తూర్పుకి పోతుంది, మిరిస్సాకి ఎండ వస్తుంది. మొత్తం దేశం 65,610 చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. అంత చిన్న చోట ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక ఒడ్డు పొడిగానే ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం రెండు వైపులా తడుస్తుంది. సెలవుకి వెళ్లాలనుకునేవాడికి ఇంతకంటే పనికొచ్చే మాట ఏముంది? నువ్వు టికెట్ రేటు చూసుకున్నావు గానీ గాలి ఎటునుంచి వస్తోందో చూసుకోలేదు. నేనూ మొదటిసారి అంతే చేశాను, పైగా వాన సంగతి వ్యాసంలో దాచేశాను. నువ్వు కనీసం ఒప్పుకున్నావు.

ఈ గాలి మారడం కళ్ళారా చూడాలంటే క్యాండీ నుంచి బదుళ్ళ వెళ్లే రైలెక్కాలి. నువ్వు ఎక్కావు, ఏసీ పెట్టెలో. అద్దం తెరుచుకోదు కదా, ఇంకేం తెలుస్తుంది? నేను జులైలో మామూలు పెట్టెలో కూర్చున్నాను. హాటన్ దగ్గర వాన జల్లు కిటికీలోంచి కొడుతుంటే ఎదురు సీటు ఆవిడ లేచి షట్టర్ దించింది. నానుఓయా దాటాక పొగమంచు. పట్టిపొల ఆ దారిలో అన్నిటికంటే ఎత్తు స్టేషను, ఇంచుమించు 1,890 మీటర్లు. అది దాటాక సొరంగం. చీకటి పడగానే పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారి కేకలు మొదలుపెట్టారు. వాళ్ళతో పాటు ఒక పెద్దాయన కూడా. సొరంగంలోకి పోయేటప్పుడు నా కొంగు తడిగా ఉంది. బయటికొచ్చేసరికి ఎండ, చెవుల్లో హోరుమని పొడిగాలి. ఎదుటావిడ మళ్ళీ లేచి షట్టర్ ఎత్తింది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఆ పొడిగాలి తగిలితేనే ఊవ కొండల తేయాకుకి దానికి పేరు తెచ్చిన రుచి వస్తుందట. కొండకి ఇవతల డింబుల తోటల్లో మంచి టీ కాలం జనవరి నుంచి మార్చి. ఒకే ఆకు, కొండకి అటొక రుతువు, ఇటొక రుతువు. "వాన పడి ట్రిప్పు పాడైంది" దగ్గర నువ్వు మొదలుపెట్టి ఇక్కడిదాకా రావచ్చు. అందుకే ఆ రెండు వాక్యాలు నచ్చాయన్నాను.

అదే రైల్లో "వడే, వడే" అంటూ బుట్ట పట్టుకుని వస్తారు. పప్పు వడ, మన మసాలా వడకి దగ్గర చుట్టం. పైన వేయించిన ఎండుమిరపకాయలు రెండు వేసి, పాత నోటుబుక్కు కాగితంలో చుట్టి ఇస్తారు. నాకిచ్చిన కాగితం మీద సింహళంలో ఏదో రాసి ఉంది, నాకు రాదు. కింద భాగాహారం లెక్క. అది మాత్రం వచ్చు. శేషం తప్పొచ్చింది, టీచరు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసింది. నూనె మరక సరిగ్గా ఆ ఎర్ర గీత మీదే ఉంది.

తిండి గురించి "నోరూరించే స్థానిక వంటకాలు" అని రాశావు. దాని మీద పెన్సిలుతో కాస్త గట్టిగానే గీశాను. పేర్లు రాయి తల్లీ. పొలోస్ తిన్నావా? లేత పనసకాయ కూర. మనం పనసపొట్టు సన్నగా కొట్టించి, ఆవ పెట్టి, పెళ్ళిళ్ళలో తింటాం. వాళ్ళు అదే కాయని పెద్ద ముక్కలుగా కోసి, మట్టి కుండలో కొబ్బరిపాలు పోసి, సన్న సెగ మీద గంటల తరబడి వదిలేస్తారు. ముక్క నల్లబడి, మాంసంలా పీచుపీచుగా విడుతుంది. తంబిలి అని నారింజ రంగు కొబ్బరిబోండాం ఉంటుంది, దాన్ని నీళ్ళ కోసమే పెంచుతారు. పొల్ సంబోల్ అంటే పచ్చికొబ్బరి కోరు, ఎండుమిరప, ఉల్లిపాయ, నిమ్మరసం. మన కొబ్బరి పచ్చడే కదా అని శాకాహారులు లొట్టలేసుకుంటూ తినేస్తారు. అందులో చాలాసార్లు ఉంబలకడ, అంటే ఎండబెట్టిన మాల్దీవుల చేప, దంచి కలుపుతారు. అడిగి తినమని రాయి. మా వదిన అడగలేదు. రెండు రోజులు మాట్లాడలేదు నాతో.

భాష దగ్గర నాకు జరిగింది వింటే నవ్వుతావు. ఆటో అబ్బాయి (అక్కడ త్రీవీలర్ అంటారు) దారంతా "తాత్త, తాత్త" అంటూ వాళ్ళ తాత్తకి గుండె ఆపరేషన్ అయిందని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్తున్నాడు. ఎనభై ఏళ్ళ మనిషిని ఊహించుకుని "పెద్దవయసు కదా నాయనా" అని ఓదార్చాను. వాడు అయోమయంగా అద్దంలోంచి చూశాడు. సింహళంలో తాత్త అంటే నాన్న. ఆయనకి నలభై ఎనిమిదట. అక్క మాత్రం వాళ్ళకీ అక్కే.

క్యాండీలో బుద్ధుడి పన్ను ఉందని చెప్పే దంతధాతు ఆలయం ముందు చెరువు గట్టున ఫోటో దిగి "ప్రశాంతంగా ఉంది" అని రాశావు. ఆ చెరువు తవ్వించింది శ్రీ విక్రమ రాజసింహుడు, 1807లో. క్యాండీకి ఆఖరి రాజు. 1739 నుంచి 1815 దాకా అక్కడ ఏలిన నలుగురూ తమిళనాడులోని మదురై వైపు నుంచి వచ్చిన నాయక్కర్లు, తెలుగు మూలాలున్నవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని పట్టుకుని వెల్లూరు కోటకి పంపేశారు. 1832లో అక్కడే పోయాడు. ఇంకో సంగతి. పాములాడించుకుని, చేతులు చూసి జోస్యం చెప్పుకుని తిరిగిన అహికుంటకులు అనేవాళ్ళున్నారు ఆ దేశంలో. వాళ్ళ ఇంటి భాష ఒక రకం తెలుగు. వాళ్ళని కలవడం నాకు కుదరలేదు. నువ్వు మళ్ళీ వెళ్తే బఫే పేజీన్నర వాళ్ళకి ఇవ్వు.

ఆగస్టులో మిన్నేరియ వెళ్లాను. మూడో శతాబ్దంలో మహాసేనుడనే రాజు కట్టించిన చెరువు. ఎండలకి నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ, మన తెలంగాణలో శిఖం అంటారే, ఆ నేల బయటపడి లేత గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసం చుట్టుపక్కల అడవుల్లోంచి ఏనుగులు వందల్లో దిగుతాయి. జీపులు కూడా దాదాపు అన్నే ఉన్నాయి, అది కూడా రాయాలి.

ఇక నా తప్పొకటి. మొదటిసారి వచ్చి తేయాకు కొండల్ని "ఆకుపచ్చ తివాచీ పరిచినట్టు" అని రాశాను. అప్పటి ఎడిటరు ఫోన్ చేసి "తివాచీలో జలగలుంటాయా అండీ?" అని అడిగాడు. సిగ్గుతో చచ్చాను. అక్కడ ముందు కాఫీ ఉండేది, ఆకుతెగులు తిని పోయింది. 1867లో జేమ్స్ టేలర్ అనే తోట దొర లూల్‌కందురలో 19 ఎకరాల్లో వేసిన తేయాకు దాని స్థానంలోకి వచ్చింది. కోసేందుకు తమిళనాడు నుంచి మనుషుల్ని తీసుకెళ్లారు. 1948లో వచ్చిన పౌరసత్వ చట్టంతో వాళ్ళలో చాలామంది ఏ దేశమూ లేనివాళ్ళయ్యారు. నువ్వు పెట్టిన ఫోటోలో నవ్వుతున్న ఆవిడ అలాంటి ఏ ఇంటి మనవరాలో. పేరు అడిగావా? ఫోటో తీసుకోవచ్చా అనైనా అడిగావా? ఈ సంగతులు రాస్తే సెలవు మూడ్ చెడిపోతుందని భయపడకు. 2022లో పెట్రోలు కోసం, వంట గ్యాసు కోసం రోజుల తరబడి క్యూలో నిలబడ్డ దేశం అది. వెళ్లినవాళ్ళ డబ్బు వాళ్ళకి అవసరం. వెళ్లమనే రాయి, చూసి వెళ్లమని రాయి.

సిగిరియ మీద నువ్వు మెట్లెక్కి ఆయాసపడిన ముచ్చటే ఉంది. ఆ గోడ చూశావా, అద్దం గోడ అంటారు? అయిదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కొండ మీద కోట కట్టుకుని పోయాడు. తర్వాత, ఎక్కువగా ఎనిమిది నుంచి పదో శతాబ్దం దాకా, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ నున్నటి గోడ మీద పద్యాలు గీకి వెళ్లారు. సెనరత్ పరణవితాన అనే పండితుడు 685 పద్యాలు చదివి, 1956లో అచ్చువేశాడు. మనకంటే వెయ్యేళ్ళ ముందు టూరిస్టులు వాళ్ళు. చాలామంది పేరు రాసుకున్నారు. పైన కొండ మీద బొమ్మల్లో ఉన్న ఆడవాళ్ళు తమతో మాట్లాడటం లేదని అలిగినవాళ్ళు కూడా ఉన్నారు. చూడు, వాళ్ళలో ఒకడు అందంగా ఉన్నారని వదిలేయలేదు, మాట్లాడరేమని అడిగాడు. నేను ఆ గోడ ముందు గంట నిలబడ్డాను, గార్డు వచ్చి కదలమనేదాకా. నువ్వేమైనా గీకేవు సుమా, ఇప్పుడు కేసు పెడతారు.

చిన్న సంగతి ఒకటి. పౌర్ణమి రోజుని అక్కడ "పోయ" అంటారు. ప్రతి నెలా ఆ రోజు ప్రభుత్వ సెలవు, మందు అమ్మరు, కొట్లు చాలా మూసేస్తారు. తెలియక ఆ రోజు దిగితే టెన్షన్. తెలిసి దిగితే తెల్లబట్టలు కట్టుకుని, చేతుల్లో నీలి కలువలు పట్టుకుని బౌద్ధ విహారానికి నడిచిపోయే కుటుంబాల్ని రోజంతా చూడొచ్చు.

వ్యాసం తిరిగి పంపుతున్నాను. మిరిస్సా వానతో మొదలుపెట్టి మళ్ళీ రాయి. మూడు రోజులు గదిలో ఏం చేశావు, కిటికీలోంచి ఏం కనబడింది, హోటల్ కుర్రాడు వాన గురించి ఏమన్నాడు, అన్నీ కావాలి నాకు. అన్నట్టు, ఆ రైల్లో నువ్వూ వడలు కొన్నానన్నావు. కాగితం దాచావా, పారేశావా? ఉంటే దాని మీద ఏముందో రాయి.

ఉంటాను,
మీ అత్తయ్య