సెన్సార్లు కొంటే పీఎం షెడ్యూలు ఆపేయవచ్చా?

మీరు గాజువాక ఆటోనగర్‌లో అరవై మంది పనిచేసే యూనిట్‌లో కొత్తగా మెయింటెనెన్స్ బాధ్యత తీసుకున్నారు. యంత్రాల అదురును (వైబ్రేషన్) కొలిచే సెన్సార్లు అమ్మే ప్రతినిధి వచ్చి, యంత్రాలన్నిటికీ అవి బిగిస్తే నెలవారీ పీఎం, అంటే ప్రివెంటివ్ మెయింటెనెన్స్ (యంత్రం చెడకముందే తేదీ ప్రకారం చేసే తనిఖీ, మరమ్మతు) షెడ్యూలు అక్కరలేదని చెప్పాడు. మీ యజమానికి ఆ మాట నచ్చింది. షెడ్యూలు ఆపేయాలా, సెన్సార్లు కొనాలా అన్నది మీ ప్రశ్న.

నా జవాబు ఇది. షెడ్యూలులో సగం ఆపేయవచ్చు. సెన్సార్లు నాలుగైదు యంత్రాలకు చాలు. అయితే ఏ సగం, ఏ నాలుగైదు అన్నది తేలకముందు దేనినీ ముట్టుకోకండి. ఆ ప్రతినిధి చెప్పని విషయం ఇంకొకటి ఉంది: సెన్సార్ ప్రమాదం ఉందని చెప్పిన రోజున యంత్రాన్ని ఆపించే అధికారం మీ ప్లాంట్లో ఎవరిది? నేను దెబ్బతిన్నది అక్కడే కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

విశాఖలో ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్లాంట్లో 132 కిలోవాట్ల ఐడీ ఫ్యాన్ (పొగను లాగి బయటికి పంపే పెద్ద ఫ్యాన్) నా చేతిలో ఉండేది. పెన్ను సైజు వైబ్రేషన్ మీటరుతో వారానికోసారి రీడింగు తీసేవాడిని. ఎప్పుడూ సెకనుకు 2.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండేది ఒక వారం 3.1 అయింది. తర్వాతి వారం 4.0, ఆ తర్వాత 5.2. గట్టి పునాది మీదున్న 15 నుంచి 300 కిలోవాట్ల యంత్రాలకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10816 ప్రకారం 2.8 దాటితే ఎక్కువకాలం నడపకూడదు, 4.5 దాటితే యంత్రం పాడయ్యే స్థాయి. ఇప్పుడా ప్రమాణం 20816లో కలిసింది. నేను మూడు వారాలూ రిజిస్టరులో ‘వైబ్రేషన్ ఎక్కువగా ఉంది, చూడవలెను’ అని రాశాను. మూడు వారాలూ ప్రొడక్షన్ మేనేజరు దాని కింద సంతకం పెట్టారు. నెలాఖరు డిస్పాచ్ ఉందన్నారు. నాలుగో వారం రాత్రి షిఫ్టులో బేరింగ్ పట్టేసింది. దానితో పాటు అది మోసే షాఫ్ట్ (తిరిగే ఇరుసు) కూడా గీసుకుపోయింది. స్టోర్స్‌లో బేరింగ్ ఉంది గాని షాఫ్ట్ లేదు. కొత్తది లేత్ మీద తీయించి తెచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది.

విచారణలో నేను గర్వంగా రిజిస్టరు చూపించాను. అప్పటి మా మెయింటెనెన్స్ హెడ్ అది చదివి, ‘చూడవలెను అంటే ఎవరు చూడాలి, ఎప్పటిలోగా చూడాలి, చూడకపోతే ఏమవుతుంది?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మేనేజరును తిట్టుకోవడం తేలికే గాని, ఆయన చేతిలో నేను పెట్టినది ఒక అంకె మాత్రమే. ఆ తర్వాత నా నివేదికలు మారాయి: ‘డ్రైవ్ వైపు బేరింగ్. పది రోజులకు మించి నమ్మలేను. ఆదివారం ఆరు గంటలు ఆపితే మార్చేస్తాం, బేరింగ్ స్టోర్స్‌లో ఉంది. ఆపకపోతే షాఫ్ట్ పోవచ్చు, అది మన దగ్గర లేదు.’ ఇలా రాసిన కాగితాన్ని పక్కన పెట్టిన మేనేజరు నాకింతవరకూ తగల్లేదు. సెన్సార్ సాఫ్ట్‌వేర్ మీకు ఇచ్చేది ఎర్ర దీపం. ఈ నాలుగు వాక్యాలు మీరే రాయాలి.

ఇక షెడ్యూలు సంగతి. నెలవారీ, ఆరు నెలల, ఏడాది పట్టికలు చాలా ప్లాంట్లలో ఎలా నడుస్తాయో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. రివైండింగ్‌కు (లోపలి తీగచుట్లు మార్పించడానికి) బయటికి వెళ్లి వారం దాటిన మోటారుకు ‘శబ్దం సాధారణం’ అని టిక్కు పెట్టిన చెక్‌లిస్టును నేను నా కళ్లతో చూశాను. అది సరే, కాంటీన్‌లో కూర్చుని టిక్కులు పెట్టేవాడు కనీసం యంత్రాన్ని పాడుచేయడు. నిజాయితీగా చేసే పీఎంతో వచ్చే నష్టం ఇంకొకటి ఉంది. మేము ఏటా ఒకసారి నీళ్ల పంపులన్నీ విప్పేవాళ్లం. బాగా నడుస్తున్నా సరే, తేదీ వచ్చింది కాబట్టి విప్పాలి. బేరింగ్‌లు మార్చి, సీళ్లు మార్చి, మళ్లీ బిగించిన నెలలోపే రెండు మూడు పంపులు మూలిగేవి. కప్లింగ్ అలైన్‌మెంట్ (మోటారు, పంపు షాఫ్టులను ఒకే గీతలోకి తేవడం) అంటీముట్టనట్టు చేయడం, బేరింగ్‌ను సుత్తితో కొట్టి ఎక్కించడం, ఉప్పుగాలి తగిలేలా కొత్త బేరింగ్ పొట్లం విప్పి బల్ల మీద వదిలేయడం, కారణాలన్నీ ఇలాంటివే.

ఇది మా చేతగానితనమే అనుకునేవాడిని. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు కోస్టల్ కమాండ్ అనుభవం గురించి చదివాక కాస్త ఊరట కలిగింది. సముద్రం మీద గస్తీ తిరిగే విమానాలకు నిర్ణీత గంటలకోసారి తనిఖీలు చేసేవారు. శాస్త్రవేత్త సి.హెచ్. వాడింగ్టన్ బృందం లెక్కలు తీసి చూస్తే, అనుకోని మరమ్మతులు తనిఖీ అయిన వెంటనే ఎక్కువగా ఉండి, గంటలు గడిచేకొద్దీ తగ్గుతున్నాయి. అంటే తనిఖీలే కొన్ని లోపాలు తెచ్చిపెడుతున్నాయి. వాళ్లు తనిఖీల మధ్య వ్యవధి పెంచారు. తర్వాత 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు నౌలాన్, హీప్ విమాన భాగాల మీద చేసిన అధ్యయనంలో వయసు పెరిగేకొద్దీ చెడిపోయే స్వభావం 11 శాతం భాగాలకే ఉందని తేలింది. విమానాల లెక్కను మన పంపులకు అలాగే అతికించలేం. మన దగ్గర తుప్పు, అరుగుదల ఎక్కువ. అయినా నడుస్తున్న పంపును తేదీ చూసి విప్పేముందు ఒకసారి ఆలోచించడానికి ఆ అంకె చాలు.

కాబట్టి మీ పట్టిక ముందు పెట్టుకుని ఒక్కో పనికీ ఒకే ప్రశ్న వేయండి: ఈ భాగం చెడేముందు కబురు పంపుతుందా? బాల్ బేరింగ్ పంపుతుంది. మొదట వైబ్రేషన్‌లో సన్నని మార్పు, తర్వాత చెవికి వినిపించే గరగర, చివరికి వేడి. చేత్తో ముట్టుకుంటే కాలుతోందంటే ఇక మిగిలింది రోజులే, ఒక్కోసారి గంటలే. ఇలా కబురు పంపేవాటిని తేదీ ప్రకారం విప్పడం మానేసి, రీడింగులతో కనిపెట్టి ఉండండి. గాలి ఫిల్టర్లు, వీ బెల్టులు అరుగుదలను బట్టి పోతాయి, అవి తేదీ పట్టికలోనే ఉండాలి. ఇవి రెండూ సులువు.

సెన్సార్ వాళ్లు మాట్లాడనిది మూడో రకం గురించి. కరెంటు పోతే లేవాల్సిన జనరేటరు, మంటలప్పుడు తిరగాల్సిన ఫైర్ పంపు, సేఫ్టీ వాల్వు, ట్యాంకు నిండితే ఆపాల్సిన లెవెల్ స్విచ్. ఇవి ఊరికే కూర్చుని ఉంటాయి. కూర్చున్నచోటే చచ్చిపోయి ఉన్నా ఎవరికీ తెలియదు. తిరగని పంపు మీద వైబ్రేషన్ సెన్సార్ పెడితే సున్నా చూపిస్తుంది, పాడైన పంపు మీద పెట్టినా సున్నాయే చూపిస్తుంది. వీటిని తేదీ పెట్టుకుని నడిపి చూడటం తప్ప మార్గం లేదు. క్రేన్లు, ప్రెషర్ వెసల్స్‌కు చట్టం చెప్పిన పరీక్షలు కూడా ఎలాగూ తప్పవు. షెడ్యూలు మొత్తం ఎత్తేద్దామని మీ యజమాని అంటే ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

ఊరికే ఉన్న యంత్రం ఎలా చెడుతుందో 2020లో బాగా నేర్చుకున్నాం. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మా ప్లాంట్లో సగం పంపులు ఆగిపోయాయి. మిగతా సగం అదే పునాదుల మీద పక్కనే నడుస్తున్నాయి. తిరిగి మొదలుపెట్టినప్పుడు, నడిచినవి బాగానే ఉన్నాయి, విశ్రాంతి తీసుకున్నవి గోల చేశాయి. విప్పి చూస్తే బేరింగ్ రింగు మీద బాల్స్ ఎంత దూరంలో ఉంటాయో సరిగ్గా అంత దూరంలో వరసగా గుంటలు. పక్క పంపు అదురు ఆగివున్న బాల్స్‌ను ఒకేచోట రాపాడించి చేసిన పని అది. అప్పటినుంచి స్టాండ్‌బై పంపుల (అవసరానికని ఆపి ఉంచినవాటి) షాఫ్ట్‌ను ప్రతి సోమవారం చేత్తో ఒక చుట్టున్నర తిప్పుతున్నాం. ఆ అర చుట్టు ముఖ్యం. ఎక్కడ మొదలైందో అక్కడే ఆగకూడదు.

విశాఖలో మరో శత్రువు సముద్రం. ఇక్కడి గాలికి మోటారు టెర్మినల్ బాక్సుల్లో రాగి లగ్గులు పచ్చబడతాయి, రాత్రిపూట ఆగిన మోటారు లోపల తేమ చేరుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మా షెడ్డు రేకులు లేచిపోయి మోటార్లన్నీ తడిశాయి. ఎలాగూ కరెంటు లేదు కాబట్టి ఆరబెట్టడానికి తీరిక దొరికింది. బల్బులు, హీటర్లు పెట్టి, రోజూ మెగ్గర్ చేసి (వైండింగ్ ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచి), రీడింగు పైకి ఎక్కి నిలబడ్డాకే కరెంటిచ్చాం. 415 వోల్టుల మామూలు మోటారుకు కనీసం 5 మెగోమ్‌లు ఉండాలి, అదీ 40 డిగ్రీలకు సవరించిన లెక్క. ఒక్క మోటారును మాత్రం ఆరకముందే వాడి తీరాలని ఎవరో తొందరపడ్డారు, అది ఆన్ చేసిన నిమిషంలో కాలింది. మీ దగ్గర ఏటా జూన్‌కు ముందు ఒకసారి, అక్టోబరు తుపాన్ల కాలం ముందు మరోసారి మెగ్గర్ రీడింగులు తీసి గ్రాఫు గీయండి. 200 ఉన్నది 40కి పడిందంటే 40 సరిపోతుందని సంబరపడకూడదు. పడిందన్నదే కబురు.

గ్రీజు గురించి చెప్పకుండా ఉండలేను. తక్కువ గ్రీజుతో పోయిన బేరింగులు చూశాను గాని, ఎక్కువ గ్రీజుతో పోయినవి అంతకంటే ఎక్కువ చూశాను. దీపంలో నూనె మరీ ఎక్కువైతే వత్తి మునిగి ఆరిపోయినట్టే ఉంటుంది. బేరింగు లోపల గ్రీజు చిలకబడి వేడెక్కి, కరిగి, సీలు తోసుకుని వైండింగ్ మీద పడుతుంది. లెక్క చాలా చిన్నది: బేరింగ్ బయటి వ్యాసం, వెడల్పు మిల్లీమీటర్లలో గుణించి, దాన్ని 0.005తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 6314 బేరింగ్‌కు 150, 35 అనుకుంటే సుమారు 26 గ్రాములు. మీ గ్రీజు గన్ ఒక్క నొక్కుకు ఎన్ని గ్రాములిస్తుందో తెలియకపోతే కాగితం మీద పది నొక్కులు నొక్కి కిరాణా కొట్టు త్రాసులో తూచండి. నేను అలాగే చేశాను, కొట్టు యజమాని ఇప్పటికీ నవ్వుతాడు. లిథియం గ్రీజు ఉన్నచోట పాలీయూరియా పోయకండి, రెండూ పొసగవు. గేర్‌బాక్సు నూనెలో నీళ్లు చేరాయన్న అనుమానం ఉంటే వేడి పెనం మీద ఒక చుక్క వేసి, తగినంత దూరంలో నిలబడి చూడండి. తాలింపులో ఆవాల్లా చిటపటలాడితే నీళ్లున్నట్టే. లేబొరేటరీకి పంపేముందు ఇది చాలు.

మా దగ్గర ఒక ఫిట్టరు మేస్త్రి ఉండేవారు. స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి బేరింగు వినేవారు. మీటరు కొన్నాక కూడా ఆయన చెప్పాకే మీటరు తీసేవాడిని. ఆయన నాతో ఒకసారి, ‘బాబూ, దసరాకు ఆయుధ పూజ చేసే రోజే మనకు లోపాలన్నీ దొరుకుతాయి, గమనించారా?’ అన్నారు. నిజమే. పూజకు ముందు యంత్రాలన్నీ కడిగి తుడుస్తాం కదా, అప్పుడే నూనె కారే చోటు, చిట్లిన వెల్డింగు, వదులైన ఫౌండేషన్ బోల్టు బయటపడతాయి. జపాన్‌లో సెయిచి నకజిమా టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) పేరుతో చెప్పినదానిలో ముఖ్యమైన ముక్క కూడా ఇదే: యంత్రం నడిపేవాడే దాన్ని తుడవాలి, తుడవడమే తనిఖీ. మేము దాన్ని ప్రతి శనివారం ఇరవై నిమిషాలకు మార్చాం, కుంకుమ బొట్లు మాత్రం దసరాకే.

సెన్సార్ల కొటేషన్ దగ్గరికి వస్తే, ఆ ప్రతినిధిని ఒక సంగతి తప్పక అడగండి. ఆ సెన్సార్ ఎంత ఫ్రీక్వెన్సీ దాకా చూడగలదు? పైన చెప్పిన ఐఎస్ఓ అంకెలు 10 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకు 10 నుంచి 1000 సార్లు వచ్చే అదురు వేగానివి. బ్యాలెన్స్ తప్పినా, అలైన్‌మెంట్ తప్పినా అందులో కనిపిస్తుంది. బేరింగ్ మీద మొదటి పగులు ఇచ్చే కబురు అంతకంటే చాలా పైన ఉంటుంది. ఒకే ఒక్క వేగం అంకె చూపించే చవక సెన్సార్ ఆ కబురును ఆలస్యంగా పట్టుకుంటుంది, అప్పటికి మీ చెవికే వినిపిస్తుంటుంది. నిమిషానికి నలభై యాభై చుట్లు తిరిగే మిక్సర్లుంటే వాటికి ఇవి పెద్దగా పనికిరావు, నూనె పరీక్ష మేలు.

పెట్టాల్సిన చోట్లు మీ బ్లోయరు, పెద్ద కంప్రెసరు, స్టాండ్‌బై లేని పంపు, అంతే. మిగతావాటికి ఒక మంచి చేతి మీటరు కొని, ఒకే మనిషితో, ఒకే చోట, పెయింటుతో చుక్క పెట్టిన బిందువు దగ్గర రీడింగులు తీయించండి. చుక్క లేకపోతే మూడు షిఫ్టుల వాళ్లు మూడు చోట్ల కొలుస్తారు. రీడింగు పెరిగిందా, చోటు మారిందా అన్నది ఇక తేలదు. డబ్బు చెల్లించేముందు మూడు నెలలు ఒక యంత్రం మీద బిగించి చూపించమని అడగండి. ఈలోగా మీ బ్లోయరు బేరింగు నంబరు, ఇప్పుడు వేస్తున్న గ్రీజు పేరు, ఎన్ని వారాలకోసారి వేస్తున్నారో ఇక్కడ రాయండి, దాని లెక్క చూసి చెబుతాను.