కౌన్సిల్ లేఖ వచ్చినంత మాత్రాన బాబుకు సాయం ఆగిపోదు

ప్రశ్న: ఉద్యోగ వీసా మీద ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. పన్నెండేళ్ల మా బాబుకు ఆటిజం. ఈహెచ్‌సీ ప్లాన్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అందాల్సిన విద్య, ఆరోగ్య, సంరక్షణ సాయాన్ని రాసిపెట్టే చట్టబద్ధ పత్రం) కింద బడిలో సహాయకురాలు, స్పీచ్ థెరపీ అందుతున్నాయి. బాగా మెరుగుపడ్డాడు కనుక ప్లాన్ రద్దు చేస్తున్నామని మా స్థానిక కౌన్సిల్ లేఖ పంపింది. సోమవారం నుంచి సహాయకురాలు రాదని బడివాళ్లు అంటున్నారు. అప్పీలు చేస్తే వీసాకు ఇబ్బందా?

జవాబు: ముందు ఆ సోమవారం సంగతి చూద్దాం. పిల్లలు, కుటుంబాల చట్టం-2014లోని 45వ సెక్షన్ ప్రకారం అప్పీలు గడువు ముగిసేదాకా, అప్పీలు వేస్తే అది తేలేదాకా కౌన్సిల్ ప్లాన్‌ను ఆపకూడదు. ప్లాన్ అమలులో ఉన్నంతకాలం దాని 'ఎఫ్' భాగంలో రాసిన ప్రత్యేక విద్యాసాయం అందేలా చూడడం 42వ సెక్షన్ కింద కౌన్సిల్ విధి. ఈ రెండు సెక్షన్లూ పేర్కొంటూ కౌన్సిల్‌కు ఈరోజే ఈమెయిల్ పెట్టండి. ప్రధానోపాధ్యాయుడికీ ఒక ప్రతి పంపండి. బడితో తగవు పెట్టుకోవద్దు, రేపు మీకు సాక్ష్యం కావలసింది అక్కడి నుంచే.

ఇక 'మెరుగుపడ్డాడు' అన్న మాట. మందు వేసుకుంటే బీపీ అదుపులో ఉందని మందు మానేయమనే డాక్టరు ఉంటాడా? ప్లాన్ ఇక అవసరం లేదని తేలాలి తప్ప, మార్కులు పెరిగితే చాలదు. సహాయకురాలు సెలవు పెట్టిన రోజుల్లో బాబు తరగతిలో ఎలా ఉన్నాడో టీచర్‌ను రాసిమ్మనండి. నా అనుభవంలో అలాంటి ఒక్క పేజీ లావుపాటి ఫైలు కన్నా బాగా పనిచేస్తుంది. ఏ సాయం తీసేస్తే ఏమి దెబ్బతింటుందో థెరపిస్టు చేత విడిగా రాయించండి. నిర్ణయానికి ముందు కౌన్సిల్ మిమ్మల్నీ ప్రధానోపాధ్యాయుణ్నీ సంప్రదించి తీరాలి. అది జరగకపోతే అప్పీలులో ఆ మాటా రాయండి.

గడువు లేఖ తేదీ నుంచి రెండు నెలలు. ఆలోగా ముందు మధ్యవర్తిత్వ సలహాదారుకు ఫోను చేయాలి. మధ్యవర్తిత్వం వద్దంటే అప్పీలుకు కావలసిన ధ్రువపత్రం మూడు పనిదినాల్లో ఇస్తారు. ఆ పత్రం తేదీ నుంచి నెల, లేఖ తేదీ నుంచి రెండు నెలలు, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే అదే అప్పీలుకు చివరి రోజు. అప్పీలు వినే ట్రైబ్యునల్‌కు రుసుము లేదు. లాయరును పెట్టుకోవలసిన అవసరమూ లేదు, ఈ మాట నా వృత్తికి నష్టమే అయినా.

వీసా బెంగ వదిలేయండి. పిల్లల బడి చదువు, అందులోని ప్రత్యేక సాయం వీసా షరతుల్లో చెప్పే 'ప్రభుత్వ నిధుల' (వీసా మీద ఉన్నవాళ్లు తీసుకోకూడని సంక్షేమ భత్యాల వంటివి) కిందికి రావు. అప్పీలు చేయడం మీ హక్కు.