ఆ బోర్డు మీద ఏ పేరు ఉండాలి

అమ్మలూ,

మీ వీధికి, నర్సుగా చేసిన మన నర్సమ్మగారి పేరు పెట్టించాలని తిరుగుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! అయితే ఆమె కొడుక్కి చెప్పకుండా సర్‌ప్రైజ్ చేస్తావట కదా, ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

చిన్న పనులు ముందు. మీ వార్డు ప్రతినిధిని కలిసి నియమాలు అడిగి తెచ్చుకో. సంతకాలు ముందు ఆ వీధిలో ఉంటున్నవాళ్లవి తీసుకో. ఆమె గురించి రాసే పేజీలో "సేవామూర్తి" లాంటి మాటలు వద్దు, ఏ రాత్రి ఎవరింటికి పరుగెత్తిందో రాయి.

తలుపు తట్టిన ప్రతి ఇంట్లో మొదట చెప్పాల్సింది ఒకటుంది. ఇది గౌరవంగా పెట్టే పేరే, వీధి అసలు పేరు అలాగే ఉంటుంది. న్యూయార్క్‌లో సిటీ కౌన్సిల్ చట్టం చేసి ఇలాంటి పేర్లు పెడుతుంది, అయినా ఎవరి అడ్రసూ మారదు. షికాగోలో అసలు పేరు ఆకుపచ్చ బోర్డు మీద, గౌరవంగా పెట్టింది గోధుమ రంగు బోర్డు మీద ఉంటాయి. ఇది చెప్పకపోతే ఆమెంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా కాగితాలన్నీ మార్చుకోవాలేమోనని టెన్షన్ పడి సంతకం పెట్టరు.

ఇక అసలు సంగతి. మా టీచరమ్మ పోయిన మరుసటి ఏడాది మేమూ ఇలాగే చేశాం. దరఖాస్తు నేనే రాశాను. పేరు దగ్గర ఆవిడ రిటైర్మెంట్ కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను, భర్త ఇంటిపేరుతో సహా. ఒకసారి కూతురికి చూపిద్దామని మాలో ఒకరు అన్నారు. వద్దు, బోర్డు పెట్టే రోజే చూసి సంతోషపడుతుంది అన్నాను. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు, నాకన్నీ తెలుసనుకున్నాను.

ఆ రోజు బోర్డు మీది గుడ్డ లాగారు, చప్పట్లు కొట్టాం. ఆ అమ్మాయి పైకి చూసి అలాగే నిలబడిపోయింది. తర్వాత నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, "ఆ ఇంటిపేరు అమ్మ ఎప్పుడో వదిలేసిందన్నయ్యా" అంది. చేతిలో పసిబిడ్డతో ఆవిడను ఇంట్లోంచి గెంటేసిన మనిషి పేరది. కాగితాల్లో మార్చుకోలేదు, అంతే. మేమంతా ఆవిడ దగ్గర చదువుకున్నాం, ఆవిడ ఎందుకు ఒంటరిగా ఉండేదో ఒక్కరమూ అడగలేదు. అది మార్పించడానికి మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టాల్సొచ్చింది, రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఆ అమ్మాయి ఆ మూల మీదుగా రాకుండా వెనక సందులోంచి చుట్టూ తిరిగి వెళ్లేది. నేను కిటికీలోంచి చూస్తుండేవాణ్ణి.

అందుకని సర్‌ప్రైజ్ మాట మానెయ్. కోప్పడుతున్నానని అనుకో, పర్వాలేదు. ముందు ఆ అబ్బాయి దగ్గరికి వెళ్లి, అమ్మ పేరు పెట్టడం ఇష్టమేనా అని అడుగు. ఇష్టం లేదంటే అక్కడితో ఆపెయ్, బతిమాలకు. సరేనంటే ఏ పేరు అని అడుగు. అందరూ పిలిచిన "నర్సమ్మ" ఉండాలో, సొంత పేరో, రెండూనో ఆ ఇంటివాళ్లే చెప్పాలి. చెప్పింది పెద్దక్షరాలతో రాసి, ఒత్తులూ దీర్ఘాలూ చూపించి, కింద ఆ అబ్బాయి చేత సంతకం పెట్టించు. బోర్డు తయారయ్యే ముందు నమూనా ఇస్తారేమో అడిగి, అదీ చూపించు.

నీకు నాలుగేళ్లప్పుడు జ్వరం వస్తే ఆవిడ తెల్లవార్లూ నీ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. మీ అమ్మ ఏడుస్తుంటే నేను గుమ్మంలో నిలబడిపోయాను. నీకది గుర్తుండదు. ఆ పేజీలో ఈ సంగతి కూడా రాయి, నా సంతకం పంపిస్తాను.

ఆదివారం ఆ అబ్బాయి ఇంట్లోనే ఉంటాడు కదా, వెళ్లు. ఏమన్నాడో ఆ రాత్రే ఫోన్ చెయ్యి, ఎంత ఆలస్యమైనా మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య