క్రిప్టో మోసంపై ఫిర్యాదుకు స్క్రీన్‌షాట్లు సరిపోతాయా?

ప్రశ్న: టెలిగ్రామ్‌లో పరిచయమైన ఒకాయన చెప్పిన ట్రేడింగ్ యాప్‌లోకి మూడు నెలలుగా యూఎస్‌డీటీ (డాలర్ విలువకు ముడిపెట్టిన క్రిప్టో కాయిన్) పంపుతున్నాను. బ్యాలెన్స్ రెట్టింపైనట్టు చూపిస్తోంది. వెనక్కి తీసుకోబోతే ముందు ట్యాక్స్ కట్టమంటున్నారు. వినియోగదారుల రక్షణ విభాగానికి ఫిర్యాదు చేయాలనుకుంటున్నాను. నా దగ్గరున్న స్క్రీన్‌షాట్లు సరిపోతాయా? డబ్బు తిరిగొస్తుందా?

జవాబు: ముందు ఒక్క మాట. ఆ ట్యాక్స్ కట్టకండి. నిజంగా పన్ను పట్టుకోవాల్సి ఉంటే మీ బ్యాలెన్స్‌లోంచే పట్టుకుంటారు, మళ్లీ డబ్బు పంపమని అడగరు. అసలు ఆ బ్యాలెన్స్ కూడా వాళ్లు తెరమీద వేసి చూపించే అంకె మాత్రమే.

మోసం సంగతి మీకు తెలిసిపోయిందని అవతలివాళ్లకు అప్పుడే తెలియనివ్వకండి. టెలిగ్రామ్‌లో ఇద్దరి మధ్య జరిగిన చాట్‌ను ఎవరో ఒకరు రెండు వైపులా తుడిచేయొచ్చు. కోపంతో ఒక్క మెసేజ్ పెట్టారంటే మూడు నెలల సాక్ష్యం క్షణంలో పోతుంది. డెస్క్‌టాప్ యాప్‌లోంచి చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఆ వ్యక్తి యూజర్‌నేమ్ రాసుకోండి. ట్రేడింగ్ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయకండి.

ఇక స్క్రీన్‌షాట్లు. ఎక్కువమంది ఫిర్యాదు బలహీనపడేది ఇక్కడే. చాలా యాప్‌లలో వాలెట్ అడ్రస్ (కాయిన్లు చేరే ఖాతా నంబరు లాంటిది) పూర్తిగా కనిపించదు. మొదట కొన్ని అక్షరాలు, చివర కొన్ని, మధ్యలో మూడు చుక్కలు. ఆ చుక్కల్లో దాగినవి లేకుండా దర్యాప్తు ముందుకు కదలదు. పైగా మొదలు, చివర ఒకేలా ఉండే దొంగ అడ్రస్‌లను తయారుచేసేవాళ్లూ ఉన్నారు. అందుకని, మీరు ఏ ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే వేదిక) నుంచి కాయిన్లు పంపారో అందులో విత్‌డ్రాయల్ హిస్టరీ తెరిచి, ఒక్కో లావాదేవీ మీద నొక్కి, కాపీ గుర్తుతో పూర్తి అడ్రస్‌నూ, టీఎక్స్ఐడీనీ (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్యనూ) ఒక ఫైల్‌లో పేస్ట్ చేయండి. యూఎస్‌డీటీ ఎక్కువగా నడిచే ట్రాన్, ఈథీరియం నెట్‌వర్క్‌లలో టీఎక్స్ఐడీకి 64 అక్షరాలు ఉంటాయి (ఈథీరియంలో వాటి ముందు 0x అదనం). చేత్తో టైప్ చేయొద్దు, ట్రాన్ అడ్రస్‌లో క్యాపిటల్, స్మాల్ తేడా వచ్చినా అడ్రస్ తప్పవుతుంది. నెట్‌వర్క్ పేరు, ఎన్ని కాయిన్లు, తేదీ, సమయం పక్కనే రాయండి. కొన్ని యాప్‌లు యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక) సమయం చూపిస్తాయి కాబట్టి ఏ టైమ్‌జోన్‌లో రాశారో కూడా చెప్పండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, బిట్‌కాయిన్‌ను ఆపేవాళ్లు ఎవరూ లేరు గానీ, యూఎస్‌డీటీని విడుదల చేసే టెథర్ సంస్థకు ఒక అడ్రస్‌లోని కాయిన్లను స్తంభింపజేసే వీలుంది. దొంగ సొమ్ము కేవైసీ ఉన్న ఎక్స్ఛేంజ్‌కు చేరితే అక్కడా ఖాతాను ఆపొచ్చు. సాధారణంగా పోలీసుల నుంచి, పూర్తి అడ్రస్‌తో అడిగితేనే ఇవి జరుగుతాయి. అదీ సొమ్ము ఇంకో చోటికి దాటకముందే.

కాబట్టి వినియోగదారుల విభాగం ఒక్కదాన్నే నమ్ముకోకండి. అక్కడ ఫిర్యాదు నడవాలంటే ఎదుటి పక్షానికి ఒక పేరు, చిరునామా ఉండాలి. మీ విషయంలో అవే బూటకం. భారత్‌లో 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఇలాంటి సైబర్ ఆర్థిక మోసాలకు మాత్రం 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అమెరికాలో ఉంటే ఎఫ్‌బీఐకి చెందిన ఐసీ3లోనూ (ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం), ఎఫ్‌టీసీలోనూ (అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ) ఇవ్వండి. ఎఫ్‌టీసీ ఒక్కొక్కరి కేసును విడిగా పరిష్కరించదు, కానీ మీరిచ్చిన వివరాలు దర్యాప్తు సంస్థలు చూసే డేటాబేస్‌లో చేరతాయి. మరో బాధితుడి ఫిర్యాదులో అదే అడ్రస్ ఉంటే రెండింటినీ కలిపి చూసే వీలుంటుంది. మీ ఎక్స్ఛేంజ్ సపోర్ట్‌కూ అదే ఫైల్ ఈరోజే పంపండి.

డబ్బు వస్తుందా అంటే, చాలామందికి రాదు. అబద్ధపు ఆశ పెట్టలేను. కానీ ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలన్న టెన్షన్‌తో ఇంకో రోజు పోనివ్వకండి.

ప్రశ్న: ఫిర్యాదు చేసిన వారానికే ఒక ‘రికవరీ నిపుణుడు’ మెసేజ్ పెట్టాడు. ఫీజు కడితే కాయిన్లు వెనక్కి తెస్తాడట. నమ్మొచ్చా?

జవాబు: వద్దు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు చేతులు మారుతుంటాయి, రెండోసారి దోచుకోవడానికే ఈ మెసేజ్. బ్లాక్‌చెయిన్‌లో (క్రిప్టో లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి పద్దు) పూర్తయిన లావాదేవీని ఏ హ్యాకరూ వెనక్కి తిప్పలేడు. మీ వాలెట్‌కు సంబంధించిన 12 లేదా 24 పదాల సీడ్ ఫ్రేజ్ (వాలెట్‌ను తెరిచే రహస్య పదాలు) ఎవరడిగినా చెప్పకండి. ఆ మెసేజ్‌ను చెరిపేయకుండా, మీ పాత ఫిర్యాదు నంబరు చెప్పి దాన్నీ ఆ కేసులో చేర్చమని అడగండి.