ఆ పందికి పక్షవాతం రాలేదు తమ్ముడూ

తమ్ముడూ,

పక్షవాతంలో మెదడు నాళానికి అడ్డుపడ్డ క్లాట్‌ని, అంటే రక్తపు గడ్డని, బయటికి లాగే పరికరాన్ని పందుల మీద పరీక్షించడం గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ రెండో పేజీలో "పక్షవాతం వచ్చిన పంది, క్లాట్ తీసేయగానే లేచి నడిచింది" అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. చివరి పేజీలో నువ్వే, ప్రయోగం అయ్యాక మత్తు దిగకుండానే దాని ప్రాణం తీస్తారని రాశావు. మరి నడిచిందెప్పుడు?

అసలు ఆ పందికి పక్షవాతమే రాలేదయ్యా. పంది మెడలోంచి మెదడుకి పోయే దారిలో, పుర్రె అడుగున సన్నటి రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి, రెటె మిరాబిలె అంటారు. మనుషుల్లో అది ఉండదు. గజ్జల్లోంచి ఎక్కించిన కాథెటర్, అంటే సన్నటి గొట్టం, ఆ వల దాటి పోలేదు. అందుకని ల్యాబులో ఏం చేస్తారంటే, ఆ పంది రక్తమే కాస్త తీసి త్రాంబిన్‌తో గడ్డ కట్టించి, ఎక్స్‌రేలో కనపడ్డానికి బేరియం సల్ఫేట్ కలిపి, నాలుకకో మొహానికో పోయే నాళంలోకి వదుల్తారు, ఎందుకంటే వాటి సైజు మన మెదడు నాళాలకి దగ్గరగా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో బెర్న్ వాళ్లు 2006లో అచ్చేసిన మోడల్ ఈ రకందే. తర్వాత పరికరంతో లాగి చూస్తారు, గడ్డ మొత్తం వచ్చిందా, ముక్కలై ముందుకి కొట్టుకుపోయిందా, నాళం గోడ గీరుకుపోయిందా అని. అది చిన్న పని కాదు, ఆ పరీక్ష లేకుండా ఆ పరికరాన్ని మనిషి తలలోకి పంపడానికి ఎవరికీ ధైర్యం చాలదు. కానీ మెదడు బతికిందా అని మాత్రం ఆ పందిని అడక్కూడదు. దానికి కుక్కలాంటి జంతువు కావాలి, కుక్కలో కాథెటర్ మెదడు నాళాల దాకా పోతుంది, నిజం స్ట్రోక్ తెప్పించి ఎమ్మారై తీసి చూడొచ్చు. పైగా ల్యాబు పందులు వయసులో ఉన్నవి, నాళాలు శుభ్రంగా ఉంటాయి. మన పేషెంటుకి డెబ్బై ఏళ్లు, షుగరు, బీపీ, మెలికలు తిరిగిన నాళాలు.

ఏ జంతువో, దాని ఒంట్లో ఎక్కడ చేశారో చెప్పని వ్యాసాన్ని నేను సైన్స్ అనను. ఎవరేమన్నా అనను.

ఎడిటర్లు సరిగ్గా ఆ పేరానే కొట్టేస్తారు. నేను కొత్తగా రాసేటప్పుడు ఒక వారపత్రికాయన, ఎలుకల మీద జరిగిన ప్రయోగం గురించి రాస్తే, ఎలుకలన్న మాటే తీసేసి "పక్షవాతానికి చెక్" అని హెడ్డింగ్ పెట్టాడు. మా వీధిలో ఒకావిడ, వాళ్లాయన మంచాన పడి అప్పటికి ఏడాది దాటింది, ఆ పేజీ చింపి పట్టుకుని మా ఇంటికొచ్చి ఆ మందు ఏ ఊళ్లో దొరుకుతుందని అడిగింది. ఇప్పటికీ ఆ "చెక్" పోలేదు, ఇప్పుడు దానికి తోడు రీల్స్ వచ్చాయి.

కోతి మనకి ఇంకా దగ్గర కదా అంటావేమో. పక్షవాతంలో మెదడు కణాల్ని కాపాడాలని తయారుచేసిన నెరినెటైడ్ అనే మందు మకాక్ కోతుల్లో బాగా పనిచేసిందని 2012లో వచ్చింది. 2020లో ఎస్కేప్-ఎన్‌ఏ1 ట్రయల్లో క్లాట్ తీయించుకుంటున్న 1105 మందిలో సగం మందికి దాన్నిచ్చి చూస్తే, మొత్తం మీద తేడా లేదు. గడ్డ కరిగించే ఆల్టెప్లేస్ కూడా పడ్డవాళ్ల రక్తంలో ఈ మందు ముక్కలైపోతోందని తర్వాత అర్థమైంది. ఇలాంటిది రాయి, పాఠకుడు కన్నార్పకుండా చదువుతాడు.

అలాగని పంది వల్ల ఒరిగిందేమీ లేదని మాత్రం రాయకు. 2013లో మూడు ట్రయల్స్ ఫెయిలై, క్లాట్ లాగడం దండగన్నారు. 2015లో నెదర్లాండ్స్ వాళ్ల ఎంఆర్ క్లీన్ అనే ట్రయల్ వచ్చింది, 500 మంది పేషెంట్లు, మూడు నెలలకి తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 19 శాతం, దాంతోపాటు క్లాట్ లాగించుకునే వైద్యం కూడా అందినవాళ్లలో 33 శాతం. పేషెంట్లని ఎంచుకునే పద్ధతీ మారింది, పరికరాలూ మారాయి. ఆ పరికరాల వెనక ఈ పందులున్నాయి.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. ముందు నీ వ్యాసానికి ఆధారమైన రీసెర్చ్ పేపర్లో మెథడ్స్ భాగం, అంటే ప్రయోగం ఎలా చేశారో చెప్పే భాగం, తెరిచి, గడ్డని ఏ నాళంలో వదిలారో వెతికి పట్టుకుని, రెండో పేజీ తిరగరాసి పంపు. చివరి పేజీలో ప్రాణం తీసే వాక్యం ఉందే, దాన్ని ఎవరు తీసేయమన్నా తీయకు.