పోటీ మధ్యలో సైకిల్ మొత్తాన్నే ఎందుకు మారుస్తారు?

పంచరైతే చక్రం మార్చుకుంటే సరిపోతుంది కదా, ఫ్రాన్స్‌లో రోజుకో దశ చొప్పున సాగే టూర్ ద ఫ్రాన్స్ వంటి పోటీల్లో సైకిల్ మొత్తాన్నే ఎందుకు మార్చేస్తారని మీరు అడిగారు. చాలా సందర్భాల్లో చక్రం మార్చడం కంటే సైకిల్ మార్చడమే త్వరగా అయిపోతుంది. ఈ సంగతి నాకు కరకట్ట మీద, చేతులకు గ్రీజు అంటాక బోధపడింది.

విజయవాడలో మా నలుగురి బృందం ఆదివారం తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుని అమరావతి దాకా వెళ్లి వస్తూ ఉంటుంది. ఒకసారి వెంకటపాలెం దాటాక నా వెనుక టైరులో తుమ్మ ముల్లు దిగింది. నాది డిస్క్ బ్రేకుల సైకిల్ కాబట్టి చక్రం తీయాలంటే ఇరుసును అలెన్ కీతో విప్పి పూర్తిగా బయటికి లాగాలి. తిరిగి ఎక్కించేటప్పుడు పలుచని డిస్కు రెండు ప్యాడ్ల నడుమ సందులోకి సరిగ్గా దూరాలి, చైను గేరు పళ్ల మీద కూర్చోవాలి, అప్పుడు గానీ ఇరుసు లోపలికి వెళ్లదు. ఇంతా చేసి తొక్కబోతే డిస్కు ప్యాడుకు రాసుకుంటూ ఒకటే రొద. మొత్తం ఇరవై నిమిషాలు పోయాయి. చక్రం అంచును పట్టి ఆపే రిమ్ బ్రేకులున్న నా పాత సైకిల్‌కైతే ఒక్క మీట వదులు చేస్తే చక్రం చేతిలోకి వచ్చేది.

2018లో రోడ్డు పోటీలకు డిస్క్ బ్రేకులను పూర్తిగా అనుమతించిన తరువాత జట్లకు కూడా ఇదే ఇబ్బంది ఎదురైంది. మెకానిక్ ఎంత చేయి తిరిగినవాడైనా చక్రంతో కుస్తీ పట్టే సమయంలో జట్టు కారు పైకప్పు మీది సైకిల్‌ను దింపి ఇచ్చేయగలడు. అది ఆ రైడరు కొలతలకే బిగించి ఉంటుంది, జట్టు నాయకుడిదైతే చేతికి వెంటనే అందేలా అంచున ఉంటుంది. రైడరు ఎక్కగానే మెకానిక్ వెనుక నుంచి తోసి పంపుతాడు. కింద పడినప్పుడు మరో కారణం కూడా ఉంది. కార్బన్ ఫ్రేములో పగులు పైకి కనిపించకపోవచ్చు, గేర్లు మార్చే పరికరం దెబ్బతిని ఉండవచ్చు. కొండ దిగుడులో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో అలాంటి సైకిల్‌ను నమ్ముకోవడం ప్రాణాంతకం.

ఈ వెసులుబాటు మొదటి నుంచీ ఉన్నది కాదు. 1913 టూర్‌లో తూర్మలే కొండ దిగుతుండగా యూజెన్ క్రిస్టోఫ్ అనే రైడరు సైకిల్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే చీలిక కమ్మీ) విరిగితే, ఆయన దాన్ని మోసుకుంటూ కిలోమీటర్ల కొద్దీ నడిచి, సెంట్ మారీ ద కాంపాన్ అనే ఊరి కమ్మరి కొలిమిలో స్వయంగా ఇనుము కొట్టి బాగుచేసుకోవలసి వచ్చింది. తిత్తి ఊదడానికి ఒక కుర్రవాడి సాయం తీసుకున్నందుకు అదనంగా జరిమానా సమయం కూడా వేశారు!

అయితే చేతికి వచ్చిన సైకిల్ తన కొలతలకు సరిపోకపోతే మార్చినా ఫలితం అంతంతమాత్రమే. మరో ఆదివారం నా చైను తెగితే మిత్రుడొకడు "నేను ఆటోలో వస్తాలే గురూ, నువ్వు దీన్ని తీసుకెళ్లు" అని తన సైకిల్ ఇచ్చాడు. దాని సీటు నాకు అలవాటైన దానికంటే రెండు వేళ్ల ఎత్తున ఉంది. పెడళ్లు వేరే రకం కావడంతో నా బూట్ల అడుగున ఉన్న క్లీట్లు, అంటే పెడల్‌కు తగులుకునే బిళ్లలు, వాటిలో పట్టలేదు. అమరేశ్వరుడి గాలిగోపురం కనిపించే సరికి మోకాలి వెనుక నరం లాగేసింది. 2016లో మోన్ వాంటూ కొండ మీద క్రిస్ ఫ్రూమ్ అనే రైడరుకు తటస్థ సేవా వాహనం (ఏ జట్టుకూ చెందక అందరికీ సాయపడేది) ఇచ్చిన పసుపు సైకిల్ విషయంలోనూ పెడళ్లతోనే చిక్కు వచ్చింది. 2022 టూర్ ఐదో దశలో యోనాస్ వింగెగార్డ్ అనే రైడరు కంగారులో తనకంటే చాలా పొడవైన సహచరుడి సైకిల్ ఎక్కి, తొక్కలేక దిగిపోయాడు. ఆ ఏడాది టూర్ ఆయనదే అయినా, ఆ నిమిషాన్ని చూసినవారెవరూ అది ఊహించి ఉండరు.

ముందే అనుకుని మార్చే సందర్భాలు ఎక్కువగా టైమ్ ట్రయల్‌లో, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే దశలో కనిపిస్తాయి. గాలిని చీల్చే టైమ్ ట్రయల్ సైకిల్ చదునైన రోడ్డు మీద లాభిస్తుంది. నిటారు ఎక్కుడులో వేగం తగ్గి గాలి నిరోధం బలహీనపడ్డాక దాని అదనపు బరువు భారమవుతుంది. మామూలు రోడ్డు సైకిల్‌ను నిబంధనల కనీస బరువైన 6.8 కిలోల దగ్గరికి తేవడం తేలిక. అందుకే 2020 టూర్‌లోని 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో తదేయ్ పొగాచార్ అనే రైడరు కొండ మొదట్లో సైకిల్ మార్చాడు. టూర్ మొత్తం సమయంలో 57 సెకన్లు వెనుకబడి బయలుదేరిన ఆయన టూర్‌ను 59 సెకన్ల ఆధిక్యంతో గెలిచాడు. ఆ రోజు ఓడిన ప్రిమోజ్ రోగ్లిచ్ కూడా సైకిల్ మార్చాడన్నది చాలామంది మరచిపోతారు. 2023లో కొంబ్లూ టైమ్ ట్రయల్ దశలో పొగాచార్ మళ్లీ మార్చాడు, వింగెగార్డ్ మార్చకుండానే 1 నిమిషం 38 సెకన్ల తేడాతో గెలిచాడు. అంత తేడాను సైకిల్ మార్పిడికి అంటగట్టడం నా దృష్టిలో సరికాదు, ఆ రోజు వింగెగార్డ్ కాళ్లలో ఉన్న బలమే వేరు.

గుంటూరు నుంచి కొండవీడు ఘాట్ రోడ్డుకు వెళ్లేటప్పుడు మా బృందంలోనూ ఇదే లెక్క నడుస్తుంది. కొండ కింది దాకా చదునైన రోడ్డు కాబట్టి ఏరో హ్యాండిల్ (ముందుకు వంగి గాలిని తప్పించుకునేలా చేసేది) ఉన్న మిత్రుడు ముందుంటాడు, ఘాట్ రోడ్డు మొదలవగానే తేలికైన సైకిల్ ఉన్నవాడు అతన్ని దాటిపోతాడు. రెండో సైకిల్‌ను కొండ కింద పట్టుకుని నిలబడే మెకానిక్ మాకు లేడు కనుక, ఏరో మిత్రుడు ప్రతిసారీ పైకి ఆఖరుగానే చేరుతున్నాడు.