ఉల్లి రైతుల ఫారం గురించి అల్లుడికి

కర్నూలు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగోలో నువ్వు రాసిన ఉల్లి రైతుల నమోదు ఫారం చూశాను. పొందికగా ఉంది. కానీ ప్రతి గడీ నింపితే తప్ప ముందుకు పోనివ్వడం లేదు. మన మార్కెట్ యార్డుకు బస్తాలు తెచ్చేవారిలో కౌలు రైతులుంటారు. పాసుపుస్తకం భూయజమాని పేరున ఉంటుంది. ఆ నంబరు తప్పనిసరి చేస్తే, పంట పండించిన మనిషే నీ జాబితాలోకి రాడు. లేదా ఏవో సున్నాలు కొట్టి గడి దాటేస్తాడు, అది మరీ చేటు. ఈమెయిలు సంగతీ అంతే.

మోడల్‌లో, అంటే డేటాబేసులో ఏమేం దాచాలో చెప్పే కోడులో, ఏ ఫీల్డయినా (గడి) మామూలుగా మొదట తప్పనిసరే. ‘బ్లాంక్=ట్రూ’ అంటే తనిఖీలో ఖాళీని ఒప్పుకోమని. ‘నల్=ట్రూ’ అంటే విలువ లేకపోయినా దాచుకోమని డేటాబేసుకు చెప్పడం. ఈ రెండింటినీ కలగలపకు. ఈమెయిలు, చిరునామా వంటి అక్షరాల ఫీల్డులకు బ్లాంక్ ఒక్కటే చాలు, ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని పాఠం) నిల్వ అవుతుంది. నల్ కూడా పెడితే ‘లేదు’ అనడానికి రెండు రూపాలు తయారై, వెతికిన ప్రతిసారీ రెండూ చూసుకోవాలి.

నాటిన తేదీ, ఎకరాలు వంటివాటికి రెండూ పెట్టు. ఎకరాలకు డిఫాల్టుగా సున్నా ఇచ్చి సరిపెట్టకు. చెప్పని రైతు కూడా సున్నా ఎకరాల రైతై, సగటు పడిపోతుంది.

అన్నిటికన్నా పాసుపుస్తకం నంబరు దగ్గర జాగ్రత్త. దాన్ని యూనిక్ చేశావు, అంటే ఒకే నంబరు ఇద్దరికి ఉండకూడదు. బ్లాంక్ మాత్రమే పెడితే మొదటి కౌలు రైతు ఖాళీ స్ట్రింగుతో చేరిపోతాడు, రెండోవాడు ‘ఈ నంబరు ఇప్పటికే ఉంది’ అని ఆగిపోతాడు. అక్షరాల ఫీల్డే అయినా అక్కడ నల్ కూడా ఉండాలి. అప్పుడు మోడల్‌ఫారం (మోడల్ నుంచి తయారయ్యే ఫారం) ఖాళీని నల్‌గా పంపుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మామూలుగా ఎన్ని నల్‌లనైనా ఒప్పుకుంటుంది.

ఫారం క్లాసులో ‘రిక్వైర్డ్=ఫాల్స్’ (తప్పనిసరి కాదు) అని రాసి మోడల్‌ను వదిలేసే అలవాటు చాలామందికి ఉంది. ఖాళీ తేదీ తనిఖీ దాటిపోతుంది, తీరా సేవ్ దగ్గర డేటాబేసు తిప్పికొడుతుంది. క్యూలో నిలబడి వచ్చిన రైతుకు ఎర్రర్ పేజీ చూపించవద్దు, అల్లుడూ.

మోడల్ మార్చాక మైగ్రేషన్ చేసి, అంటే ఆ మార్పును డేటాబేసుకు ఎక్కించి, పేరు, ఊరు మాత్రమే నింపి ఇద్దరు రైతులను నమోదు చేసి చూడు. ఒక్కరితో ఆపితే యూనిక్ గొడవ బయటపడదు.

అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య